పౌరుషానికి పావుగంట ఆపరేషన్ అడ్డు కాదు

ఇక పిల్లలు చాలనుకునే దంపతులకు దారులెన్నో... భారం మాత్రం ఆడవారి మీదే!

కార్తీక మాసం వెళుతూ ఉండగా కారెంపూడిలో నాగులేటి గట్టున పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ అయిదు రోజులపాటు ఊరు వీరావేశంతో ఊగిపోతుంది. పౌరుషానికి పుట్టినిల్లని పేరుపడ్డ ఈ గడ్డ మీద మగవాడు జంకే పని ఒకటుంది. కత్తి కోత లేదు, కుట్టు లేదు, పావుగంటలో ముగుస్తుంది, అదే రోజు నడిచి ఇంటికి వెళ్లవచ్చు. అయినా ఆ మాట ఎత్తితే చాలు, రచ్చబండ దగ్గర నలుగురూ నవ్వి లేచిపోతారు. అది మగవారికి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, వేసెక్టమీ.

మాచర్లయినా, గురజాలయినా, నరసరావుపేటయినా కాన్పు వార్డులో తంతు ఒక్కటే. రెండో కాన్పు అవుతుంది. తల్లీబిడ్డా క్షేమమని తెలియగానే అత్తగారో, కన్నతల్లో నర్సమ్మ దగ్గరకు వచ్చి "ఇక చాలమ్మా, పనిలో పని ఆ ఆపరేషన్ కూడా చేయించేయండి" అంటుంది. భర్త తలూపుతాడు. కాగితం మీద సంతకమో, వేలిముద్రో పడుతుంది. ఆపరేషన్ ఎవరికి చేయాలి? ఏ పద్ధతిలో చేయాలి? ఇప్పుడే చేయాలా, కొన్నాళ్లు ఆగవచ్చా? ఈ మూడు ప్రశ్నలూ ఎవరి నోటా రావు. ఆడపిల్లకే చేయాలన్నది ముందే ఖాయమైపోయిన సంగతి.

నూటికి డెబ్బై మంది ఆడవారే

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 71 మంది ఇళ్లలో ఏదో ఒక గర్భనిరోధక పద్ధతి పాటిస్తున్నారు. అందులో దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలే. మగవారు ఆపరేషన్ చేయించుకున్న ఇళ్లు వెయ్యికి నాలుగు. దేశం మొత్తం మీద ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు నూటికి 38 మంది. అంటే ఈ విషయంలో దేశంలోకెల్లా మన రాష్ట్రమే ముందుంది. ఇక్కడ చాలామందికి ఆపరేషన్ అయ్యేది 25 ఏళ్లు నిండకముందే.

మగవారు వెనకాడటం ఆది నుంచీ ఉన్నది కాదు. 2005-06 నాటి సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ముగ్గురు మగవారు ఆపరేషన్ చేయించుకున్న లెక్క ఉంది. అంతకు ముందు కాలంలో ఆ సంఖ్య ఇంకా ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ చదువులు పెరిగాయి, రోడ్లు వచ్చాయి, ఆసుపత్రులు దగ్గరయ్యాయి. మగవారు మాత్రం వెనక్కి నడిచారు.

ఒకప్పుడు మగవారే ముందు

ప్రభుత్వమే పూనుకుని కుటుంబ నియంత్రణ కార్యక్రమం నడపడం ప్రపంచంలో మొదట మన దేశంలోనే 1952లో మొదలైంది. 1965లో లూప్ వచ్చింది. 1968లో నిరోధ్ వచ్చింది. ఆసుపత్రి గోడల మీద ఎర్ర త్రికోణం, "మేమిద్దరం, మాకిద్దరు" అన్న రాత నేటి తాతలకు, నాయనమ్మలకు బాగా గుర్తే. ఆ రోజుల్లో ఆపరేషన్ అంటే ఎక్కువగా మగవారిదే. 1971 జూలైలో కేరళలోని ఎర్నాకుళంలో నెల రోజులు శిబిరం పెడితే 60 వేలకు పైగా మగవారు ముందుకు వచ్చి వేసెక్టమీ చేయించుకున్నారు.

ఆ తరువాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో సుమారు 82 లక్షల ఆపరేషన్లు జరిగాయి. అందులో 62 లక్షల వరకు మగవారివే. ఉత్తరాది రాష్ట్రాల్లో బలవంతంగా పట్టుకెళ్లి చేసిన సంఘటనలు దేశమంతా కథలు కథలుగా పాకాయి. ప్రజలు బెదిరిపోయారు. 1977 తరువాత ప్రభుత్వం ఆ శాఖకు "కుటుంబ సంక్షేమం" అని పేరు మార్చింది. మగవారి జోలికి వెళ్లడానికి అధికారులు భయపడ్డారు. పొట్టలోకి గొట్టం పంపి చేసే లాప్రోస్కోపీ పద్ధతి అదే కాలంలో వాడుకలోకి రావడంతో శిబిరాలన్నీ ఆడవారివయ్యాయి. తప్పు జరిగింది బలవంతం వల్ల. నింద పడింది ఆపరేషన్ మీద. మోత పడింది ఆడవారి మీద.

ఆడవారి ఆపరేషన్ సంగతి

ట్యూబెక్టమీలో గర్భసంచికి రెండు పక్కలా ఉండే నాళాలను ముడివేసి కత్తిరిస్తారు, లేదా రింగు వేసి మూసేస్తారు. అండం గర్భసంచి వైపు రాదు. అంతే తప్ప గర్భసంచి తీసివేయడం కాదు. నెలసరి మామూలుగానే వస్తుంది.

పొట్ట మీద చిన్న కోత పెట్టి చేసేది మినీలాప్. కాన్పయిన 7 రోజుల లోపు గాని, 6 వారాల తరువాత గాని దీన్ని చేస్తారు. సిజేరియన్ అయితే అప్పుడే చేయవచ్చు. లాప్రోస్కోపీని మాత్రం కాన్పయిన వెంటనే చేయరు. ఆరు వారాలు ఆగాలి. మన పల్లెల్లో డి.పి.ఎల్. ఆపరేషన్ అని పిలిచేది దీన్నే. ఆపరేషన్ తరువాత రెండు రోజులు విశ్రాంతి తీసుకుని తేలిక పనులు చేసుకోవచ్చు. పూర్తి పనిలోకి దిగడానికి రెండు వారాలయినా పడుతుంది. మిరప కోతల రోజుల్లో నడుము వంచి కాయ కోసి, బస్తాలు మోసే ఆడకూలీకి ఆ రెండు వారాలూ ఇంట్లో ఎవరు ఇస్తారన్నది ముందే ఆలోచించుకోవలసిన మాట.

ఈ ఆపరేషన్ మంచిదే. లక్షలాది స్త్రీలు నిక్షేపంగా ఉన్నారు. అయితే పొట్ట తెరిచే ఏ ఆపరేషన్‌కయినా జాగ్రత్త తప్పితే ముప్పే. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక శిబిరంలో ఒకే డాక్టరు కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. 13 మంది చనిపోయారు. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేయగా నలుగురు తల్లులు ప్రాణాలు కోల్పోయారు. మూకుమ్మడి శిబిరాలను మూడేళ్లలో ఆపివేయాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులోనే తీర్పు చెప్పింది. కనుక శిబిరం జాతరకు పోయినట్టు పోకుండా, పరీక్షలు చేసి, ఆపరేషన్ తరువాత పడకమీద ఉంచి చూసే ఆసుపత్రినే ఎంచుకోవాలి.

మగవారిది ఎంత సులువు?

వీర్యకణాలు వృషణాల్లో తయారై రెండు సన్నని నాళాల గుండా పైకి వస్తాయి. వేసెక్టమీలో ఆ నాళాలను మూసేస్తారు. సాగర్ కుడికాలువ కింద సేద్యం చేసే రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు. పిల్లకాలువ తూము మూస్తే చేలోకి నీరు రాదు. జలాశయానికి ఏమీ కాదు.

1974లో చైనా డాక్టరు లీ షున్‌చియాంగ్ కత్తి అవసరం లేకుండా చర్మానికి చిన్న రంధ్రం చేసి ఈ పని ముగించే పద్ధతి కనిపెట్టారు. 1990ల నుంచి మన దేశంలోనూ అదే వాడుకలో ఉంది. దీన్నే కోత, కుట్టు లేని వేసెక్టమీ అంటున్నారు. ఆ చోటుకు మాత్రమే మత్తు ఇస్తారు. మనిషి మెలకువగానే ఉంటాడు. 1990ల చివర కరీంనగర్ జిల్లాలో అధికారులు పట్టుబట్టి ఈ పద్ధతిని గ్రామాలకు తీసుకువెళితే వేల సంఖ్యలో మగవారు ముందుకు వచ్చారు. బ్రిటన్, కెనడా, భూటాన్ వంటి దేశాల్లో ఆడవారికన్నా మగవారే ఎక్కువగా ఈ ఆపరేషన్ చేయించుకుంటున్నారు.

ఇక మన పల్లెల్లో వినిపించే భయాలు. "మగతనం పోతుంది" అన్నది మొదటిది. మగతనానికి కారణమైన హార్మోను రక్తంలోకి వెళుతుంది గాని, మూసిన నాళం గుండా రాదు. కనుక గడ్డం, గొంతు, కోరిక, పటుత్వం ఏదీ మారదు. వీర్యం కూడా పడుతుంది, అందులో కణాలు మాత్రం ఉండవు. ఎద్దుకు విత్తు కొట్టినట్టు అని కొందరు పోలుస్తారు. అది వేరు, ఇది వేరు. ఇక్కడ వృషణాలను ఎవరూ ముట్టుకోరు.

"బస్తా ఎత్తలేడు, నాగలి పట్టలేడు" అన్నది రెండోది. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, బిగుతయిన లోదుస్తు వేసుకోవాలి. వారం రోజులు బరువులు ఎత్తకుండా, సైకిలు తొక్కకుండా ఉంటే చాలు. ఆ తరువాత పిడుగురాళ్ల సున్నపు బట్టీ పనయినా, పత్తి బేళ్ల ఎత్తుబడయినా ఎప్పటిలాగానే చేసుకోవచ్చు. కొద్దిపాటి వాపు, నొప్పి కొన్నాళ్లు ఉండవచ్చు. జ్వరం వచ్చినా, రక్తం కారినా, వాపు పెరిగినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

మూడు నెలల మాట మరిచిపోతే...

వేసెక్టమీలో తప్పనిసరిగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఇది ఆపరేషన్ అయిన రోజు నుంచే పనిచేయదు. నాళం పైభాగంలో అంతకుముందే చేరిన కణాలు ఖాళీ కావడానికి మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలూ నిరోధ్ గాని, భార్య వేరే పద్ధతి గాని వాడాలి. మూడు నెలలు నిండాక వీర్య పరీక్ష చేయించి, కణాలు లేవని డాక్టరు చెప్పిన తరువాతే నిశ్చింతగా ఉండాలి.

ఈ మాట చెప్పనందువల్ల, చెప్పినా వినిపించుకోనందువల్ల కాపురాలు కూలే ప్రమాదం ఉంది. భర్తకు ఆపరేషన్ అయింది. రెండు నెలలకు భార్య నెల తప్పింది. ఇక చూడండి, అత్తగారి ముఖం మారుతుంది, ఇరుగుపొరుగు గుసగుసలాడతారు, పెద్దమనుషులు పంచాయితీకి కూర్చుంటారు. ఏ పాపం తెలియని ఇల్లాలు నిందపడుతుంది. నిజానికి తప్పిదం జరిగింది నిరోధ్ వాడకపోవడంలో. చాలా అరుదుగా మూసిన నాళం మళ్లీ దానంతట అది కలుసుకోవడం కూడా ఉంది. కనుక భార్యను అనుమానించే ముందు వీర్య పరీక్ష చేయించుకోవడం మగవాడి ధర్మం. ఆపరేషన్ రోజున భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని ఈ మూడు నెలల సంగతి వినడం ఇంకా మంచిది.

ఆడవారి ఆపరేషన్ కూడా వెయ్యిలో అయిదుగురికి మొదటి ఏడాదిలోనే విఫలం కావచ్చు. ఆపరేషన్ అయిన స్త్రీకి నెల తప్పి పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వస్తే గర్భం నాళంలో నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం మీదకు తెచ్చే స్థితి. ఆర్.ఎం.పి. దగ్గర ఇంజెక్షన్ చేయించుకుని కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి చేరాలి.

ఇప్పుడే ఎందుకు, ఆగలేమా?

ఇరవై రెండేళ్ల తల్లి, చంటిబిడ్డ. ఆ రోజే ఆపరేషన్. ఇది మన వైపు మామూలు దృశ్యం. ప్రభుత్వ నిబంధనల ప్రకారం స్త్రీకి 22 ఏళ్లు నిండాలి. దంపతులకు ఏడాది నిండిన బిడ్డ కనీసం ఒకరయినా ఉండాలి. ఆపరేషన్ శాశ్వతమైనది. నాళాలు మళ్లీ కలిపే ఆపరేషన్ ఉన్నా అది కష్టమైనది, ఫలిస్తుందన్న భరోసా లేదు. 2004 డిసెంబరు సునామీలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు తమిళనాడు ప్రభుత్వం ఆ ఆపరేషన్‌ను ఉచితంగా చేయించవలసి వచ్చింది. బిడ్డ పసిగుడ్డుగా ఉన్నప్పుడు శాశ్వత నిర్ణయం తీసుకునేవారు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి.

పిల్లలు చాలుననుకున్నా ఆపరేషన్‌కు మనసు రానివారికి కాపర్-టి ఉంది. 380-ఎ రకం 10 ఏళ్లు పనిచేస్తుంది. కాన్పయిన 48 గంటల లోపే వేయించుకోవచ్చు. కావాలంటే ఎప్పుడయినా తీయించుకోవచ్చు. గర్భం రాకుండా కాపాడటంలో ఆపరేషన్‌కు దాదాపు సమానం. మొదటి నెలల్లో నెలసరి కొంచెం ఎక్కువగా కావచ్చు. "కడుపులో నుంచి గుండెకు పాకుతుంది" అన్న మాట ఉత్త పుకారు. పాతికేళ్ల తల్లి ఒక కాపర్-టితో ముప్పై అయిదేళ్ల వరకు నెట్టుకురావచ్చు. అప్పటికి పిల్లలు ఎదిగి వస్తారు. అప్పుడు భార్యో, భర్తో తీరికగా ఆపరేషన్ సంగతి ఆలోచించుకోవచ్చు.

మూడు నెలలకోసారి తీసుకునే "అంతర" ఇంజెక్షన్‌ను 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రవేశపెట్టారు. "ఛాయ" మాత్ర లక్నోలోని ప్రభుత్వ ఔషధ పరిశోధన సంస్థలో పుట్టినది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికి ఒకసారి వేసుకోవాలి. రోజూ వేసుకునే మాలా మాత్రలు, నిరోధ్ ఎలాగూ ఉన్నాయి. సుఖరోగాలు, ఎయిడ్స్ నుంచి కాపాడేది వీటన్నింటిలో నిరోధ్ ఒక్కటే. వీటి సంగతి ఊళ్లోని ఆశా కార్యకర్తనో, నర్సమ్మనో అడిగి తెలుసుకోవచ్చు. వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మండలాల తండాల నుంచి ఆపరేషన్ కోసం పట్నానికి రావడం కష్టమైనవారికి ఈ పద్ధతులు అక్కరకు వస్తాయి.

గర్భసంచి తీయించుకోవడం మందు కాదు

"పిల్లలు పుట్టారుగా, ఇక ఆ సంచితో పనేముంది?" అన్న మాట మన వైపు తరచు వినిపిస్తుంది. తెల్లబట్ట అయినా, నడుము నొప్పి అయినా గర్భసంచి తీయించుకోవడానికి పరుగెత్తేవారున్నారు. 2015-16 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నవారే. దేశ సగటుకు ఇది రెండింతలకు పైనే. గర్భసంచి తీయడం పెద్ద ఆపరేషన్. చిన్న వయసులో అండాశయాలను కూడా తీసివేస్తే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బులు ముందుగా రావడం వంటి చిక్కులున్నాయి. పిల్లలు వద్దనుకోవడం దానికి కారణం కాకూడదు.

కాగితం జాగ్రత్త, హక్కు జాగ్రత్త

ఆపరేషన్‌కు ఒప్పుకోవలసింది చేయించుకునేవారే. భర్త సంతకం, అత్తగారి అనుమతి చట్టానికి అక్కరలేదు. కాగితంలో ఏముందో తెలుగులో చదివి వినిపించమని అడగవచ్చు. చివరి నిమిషంలో మనసు మారితే వద్దని లేచి రావచ్చు. కూలి పోయినందుకు ఇచ్చే సొమ్మును కేంద్రం 2007లో సవరించినప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో వేసెక్టమీకి రూ.1,100, పేద స్త్రీలకు ట్యూబెక్టమీకి రూ.600 నిర్ణయించింది. మగవారికే ఎక్కువ ఇస్తామన్నా ముందుకు వచ్చినవారు తక్కువే.

ఆపరేషన్ విఫలమైనా, ప్రాణాపాయం జరిగినా పరిహారం ఇచ్చే పథకం ఉంది. 2016 తరువాత సవరించిన లెక్క ప్రకారం విఫలమైతే రూ.60 వేలు, ఆసుపత్రిలో గాని ఇంటికి వచ్చిన 7 రోజుల లోపు గాని చనిపోతే కుటుంబానికి రూ.4 లక్షలు. దీనికి ఆపరేషన్ సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితం ఉండాలి. పెట్టెలో భద్రంగా దాచుకోవాలి. విఫలమై గర్భం వచ్చినా కావలసినవారు కనవచ్చు. వద్దనుకుంటే 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయంతో తీయించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. నాటు వైద్యం జోలికి పోరాదు.

నిర్ణయం ఎవరిది?

1995 మే తరువాత మూడో బిడ్డ పుడితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధన మన రాష్ట్రంలో మూడు దశాబ్దాలు నడిచింది. 2024 నవంబరులో శాసనసభ దాన్ని ఎత్తివేసింది. ఒకనాడు ఇద్దరు చాలన్న ప్రభుత్వమే నేడు జననాలు తగ్గాయని కలవరపడుతున్నది. ప్రభుత్వాల లెక్కలు మారుతూనే ఉంటాయి. పిల్లలను కనేది, పెంచేది, బడి ఫీజు కట్టేది, పెళ్లి చేసేది మాత్రం ఆ ఇంటి ఆలుమగలే. ఎందరు చాలో వారే తేల్చుకోవాలి.

అది తేలాక మిగిలే ప్రశ్న, ఎవరు చేయించుకోవాలన్నదే. తొమ్మిది నెలలు మోసింది, పురిటి నొప్పులు పడింది, పాలిచ్చి పెంచింది భార్య. ఆ పైన కడుపు కోత కూడా ఆమెకేనా? ఈ ఒక్క మాట కాన్పుకు ముందే, ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో, ఇంట్లో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే వార్డులో తొందరపాటు ఉండదు. భర్త "నేను చేయించుకుంటాను" అని ముందుకు వస్తే ఆ ఇంట ఆడకూలీకి రెండు వారాల పని పోదు, బాలింతకు మరో గాయం తగలదు. పల్నాటి పౌరుషం అంటే కత్తి పట్టడం ఒక్కటే కాదని ఆ ఇల్లాలు పది మందికీ చెప్పుకుంటుంది.